కేదారం వెళ్ళిన బూట్లు

యాభై ఏళ్ళు చెప్పులతోనే వెళ్ళబుచ్చినవాణ్ణి. కేదారనాథానికి నడిచే వెళతానని ఇంట్లో ప్రతిజ్ఞ చేసేశాక బూట్లు కొనక తప్పింది కాదు.

గౌరీకుండం నుంచి 16 కిలోమీటర్లు. 2013 వరదలో పాతదారి కొట్టుకుపోయాక రామ్‌బాడా దగ్గర మందాకిని దాటి ఆవలి గట్టున కొత్తదారి వేశారు. దూరం పెరిగింది. నిరుడు ఆ దారినే వెళ్ళొచ్చి మా బావగారు రెండు బొటనవేళ్ళ గోళ్ళూ పోగొట్టుకున్నారు.

"ఎక్కేటప్పుడు ఏమీ తెలియదోయ్! దిగేటప్పుడు పాదం ముందుకు జారి అడుగడుక్కీ గోరు కొట్టుకుంటుంది" అన్నారు.

అబిడ్స్‌లో ఒక దుకాణానికి సాయంత్రంపూట వెళ్ళాను. పొద్దుటికన్నా అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. మందపాటి మేజోళ్ళు కూడా పట్టుకెళ్ళాను. కుర్రవాడు నా నంబరు 8 తొడిగి, "అతికినట్టున్నాయి సార్!" అని సంబరపడ్డాడు. అదే చిక్కు! లేసులు కట్టకుండా పాదం ముందుకు జరిపితే మడమ వెనక వేలు దూరలేదు. 9 తెప్పించి, లేసులు బిగించి, దుకాణం మెట్లు నాలుగుసార్లు దిగాను. వేళ్ళు తగల్లేదు, మడమ లేవలేదు.

ధర విని మా ఆవిడ, "పెళ్ళికైనా ఇంత ఖరీదువి తొడుక్కోలేదు మీరు" అంది.

నెల్లాళ్ళు వాటితోనే కూరలకు వెళ్ళాను. వీధి వీధంతా నవ్వింది.

కేదారంలో గుడి బయట విప్పి వెళ్ళానే గాని, స్వామి ఎదుట నిలుచున్నంతసేపూ మనసు బూట్లమీదే! తిరుగుదారిలో వాన. తడిసిన రాళ్ళు, వాటిమీద కంచరగాడిదల లద్దె. గౌరీకుండం చేరి, బూట్లు విప్పి, గోళ్ళు లెక్కపెట్టుకున్నాను.

పదీ ఉన్నాయి. అక్కడినుంచే బావగారికి ఫోను చేశాను.