మణవాళకురిచ్చి ఇసుక

కోయంబత్తూరు నుంచి కన్యాకుమారి చూడబోయినప్పుడు నాగర్‌కోయిల్ దగ్గరి మణవాళకురిచ్చిలో సముద్రం ఒడ్డున ఆగినాము. ఇసుక నల్లగా, ఎర్రగా చారలు చారలుగా ఉంది. గుప్పిట్లోకి తీసుకుంటే బరువు. నల్లది ఇల్మనైట్, ఎర్రది గార్నెట్. వాటి మధ్య సన్నటి పసుపు రేణువులే మోనజైట్. థోరియం దొరికేది దాంట్లోనే.

అప్పట్లో ఇది తిరువాన్కూరు సంస్థానం. ఇక్కడినుంచి పోయిన కొబ్బరిపీచుకు అంటుకున్న ఇసుకలో షోంబెర్గ్ అనే జర్మనీ ఆయన 1909లో మోనజైట్‌ను కనిపెట్టినాడు. గ్యాసు లైట్ల మాంటిళ్లకు ఆ రోజుల్లో థోరియం బాగా కావాల్సి వచ్చేది.

మిల్లు మనిషిని గదా, నాకు ఆ మాంటిల్ సంగతే మనసుకు పట్టింది. అది నూలుతోనో రేయాన్‌తోనో అల్లిన చిన్న సంచి. థోరియం నైట్రేట్ నీళ్లలో తడిపి ఆరబెడతారు. మొదటిసారి వెలిగించగానే దారం కాలిపోతుంది, థోరియం ఆక్సైడ్ మాత్రం అదే అల్లికలో నిలుస్తుంది. 3,300 డిగ్రీల దాకా అది కరగదు. నూటికి ఒక పాలు సీరియం ఆక్సైడ్ కలిస్తేనే మంచి వెలుగు.

మా పెళ్లి ఊరేగింపులో అన్నీ పెట్రోమాక్సు లైట్లే. మాంటిల్ చిట్లితే బూడిదను నోటితో ఊదేసేవాళ్లం. థోరియానికి రేడియోధార్మికత ఉందని మాకెవరూ చెప్పలేదు. చేత్తో తాకితే పెద్ద ప్రమాదం లేదు, పొడి మాత్రం ఊపిరితో లోపలికి పోకూడదు. దూదిదుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తుందో మన ఇళ్లలో వేరే చెప్పాలా?

అటకమీద పాత మాంటిళ్లుంటే పిల్లల చేతికి ఇవ్వకండి. బూడిద రాలితే ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.