మనం రాసే కాగితం

కాగితమంటే మన పెద్దలకు భయం. ఆ భయం ఊరికే రాలేదు. షావుకారు రాసి తెచ్చిన నోటు మీద వేలిముద్ర వేసినవాళ్ల భూములు చేతులు మారాయి. 1959లో భూ బదలాయింపు చట్టం వచ్చినా, 1970లో దాన్ని 1/70గా గట్టి చేసినా, కాగితం ఎప్పుడూ అవతలివాడిదే అన్న మాట మన ఇళ్లలో ఇంకా వినబడుతుంది. సంతలోనూ అంతే. చింతపండు, అడ్డాకులు మనవి; తూకం, చిట్టా వర్తకుడివి.

మేం పాడేరు మన్యంలో కరెంటు పని చేసేవాళ్లం. ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సు చదివి, నలుగురం కలిసి ఇళ్లకు, బడులకు, హాస్టళ్లకు వైరింగు చేస్తున్నాం. వైరింగు, ఎర్తింగు ఐటీఐలో నేర్పారు. సరుకు కొనడం పనిలో దిగాక నేర్చుకున్నాం. అందులో మాకు బాగా అక్కరకొచ్చింది పర్చేజ్ ఆర్డర్. అందరూ పీఓ అంటారు.

బిల్లు అమ్మేవాడు రాస్తాడు, పీఓ కొనేవాడు రాస్తాడు. మనకేం కావాలో, ఎంత ధరకో, ఎప్పటికో సరుకు కదలకముందే మనమే రాసిపెడతాం. దుకాణం వాళ్లు ఒప్పుకుని సంతకం పెడితే అది రెండు పక్షాల ఒప్పందం. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, ఫలానా రకం అని చెప్పి అమ్మిన సరుకు ఆ రకమే అయి ఉండాలి. ఆ 'ఫలానా' ఏమిటో పీఓ చెబుతుంది.

అందుకే "వైరు, 6 కాయిళ్లు" అని రాస్తే చాలదు. మేం ఇలా రాస్తాం: రాగి వైరు, ఎఫ్ఆర్ రకం, 2.5 చదరపు మిల్లీమీటర్లు, ఐఎస్ 694 గుర్తుతో, 90 మీటర్ల కాయిళ్లు, ఎరుపు 2, నలుపు 2, ఆకుపచ్చ 2. పక్కన కంపెనీ పేరు, కాయిలు ధర. జీఎస్టీ అందులో కలిసిందా, విడిగానా. సరుకు ఏ ఊరికి, ఏ తేదీకి చేర్చాలి, బండి కిరాయి ఎవరిది, డబ్బు ఎప్పుడిస్తాం. పైన పీఓ నంబరు, తేదీ. ఒక కాపీ దుకాణానికి, ఒకటి మాకు, ఒకటి పని దగ్గర సరుకు దించుకునేవాడికి.

మైదానం వాళ్లకంటే మనకు ఇది ఎక్కువ అవసరం. సరుకు ఘాట్ రోడ్డు ఎక్కి రావాలి. ఒక్క వస్తువు తేడాగా వచ్చినా దాన్ని మార్చుకురావడానికి ఒక మనిషి రోజు కూలీ, బస్సు చార్జీ పోతాయి.

ఒక హాస్టల్ పనికి 2.5 వైరు 6 కాయిళ్లు రాస్తే, వాటిలో రెండు 1.5వి వచ్చాయి. బిల్లులో మాత్రం ఆరింటికీ 2.5 ధరే వేశారు. "ఫోనులో మీరు అలాగే చెప్పారు" అన్నాడు గుమస్తా. వాళ్ల ముద్ర ఉన్న పీఓను ఫోటో తీసి పంపాం. మర్నాడు దుకాణం బండిలోనే సరైన కాయిళ్లు వచ్చాయి, మొదటివి తిరిగి వెళ్లాయి. గొడవ పడాల్సిన పని లేకపోయింది.

అక్కడ తేడా డబ్బు ఒక్కటే కాదు. 2.5 వైరుకు తగ్గ 20 ఆంపియర్ల ఎంసీబీ వెనక 1.5 వైరు లాగితే, ఎంసీబీ పడకముందే గోడలో వైరు వేడెక్కుతుంది. ఆ గోడ పక్కన పిల్లలు నిద్రపోతారు.

సరుకు దిగగానే మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తాం: మన పీఓ, బండితో వచ్చిన చలానా, బిల్లు. మూడూ కలిస్తేనే డబ్బు. వైరు మీద అచ్చయిన సైజు చదివాకే చలానా మీద సంతకం. మొదట్లో "నలుగురు కుర్రాళ్లకు పీఓలెందుకు" అని నవ్విన దుకాణదారే ఇప్పుడు "పీఓ పంపండి తమ్ముడూ" అంటున్నాడు. తగాదా లేకపోవడం ఆయనకూ లాభమే.

మాస్టార్లకు ఒక మనవి. లేఖారచనలో సెలవు చీటీ రాయిస్తున్నారు కదా, ఎనిమిదో తరగతి నుంచి ఒక పీఓ కూడా రాయించండి. బడికి కావలసిన బల్బులు, స్విచ్చులే లెక్క వేయించండి. లెక్కలు, భాష, కొలతలు మూడూ అందులో ఉన్నాయి. తెలుగులో రాసినా చెల్లుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపు మీరు కరెంటు పనే కాదు, తాపీ పని చేసినా, కాఫీ గింజలకు గోనెసంచులు కొన్నా ముందు మీ కాగితం మీరు రాయండి. రెండు కాపీలు తీయండి. ఒకటి ఎప్పుడూ మీ దగ్గరే ఉండాలి.