గడప దాటని వ్యాసం

నిరుడు సంచికను అచ్చుకు పంపేనాడు ఉర్దూ విభాగానికి రచనలే రాలేదని సంఘ సభ్యులు విచారిస్తూ ఉండగా, మన విద్యార్థులకు ఇంటి భాషపై మక్కువ సన్నగిల్లిందని నేనే అన్నాను. తెలుగు విభాగం నిండుగా ఉండటం చేత ఆ మాట కొంత గర్వంగానే అన్నానని ఒప్పుకోక తప్పదు.

మరునాడు ద్వితీయ సంవత్సరం విద్యార్థిని ఒకతె వచ్చి, “సర్, నా వ్యాసం మూడుసార్లు పంపాను. ప్రతిసారీ 413 అని వచ్చింది. నా తప్పేమైనా ఉందా?” అని అడిగింది.

ఆ అంకెకు అర్థం నాకూ తెలియదు. కళాశాల సర్వరును చూచే యువకుడు చెప్పాడు. రచనలు పంపే పుటకు ముందు ఇంజిన్ఎక్స్ అనే సాఫ్ట్‌వేరు ద్వారపాలకునివలె నిలిచి ఉంటుందట. ఒక్కసారికి ఎంత సమాచారం రావచ్చునో ఎవరూ వేరుగా చెప్పకపోతే, దాని హద్దు 1 మెగాబైటు. అంతకు మించితే 413 అని త్రిప్పి పంపుతుంది. మేమెవరమూ ఏమీ చెప్పి ఉండలేదు.

తెలుగు విద్యార్థులు టైపు చేసి పంపారు. యూనికోడ్‌లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి సాధారణంగా 3 బైట్లే గనుక ఎంత దీర్ఘవ్యాసమైనా సులభంగా దాటిపోయింది. ఉర్దూ సంకేతానికి 2 బైట్లే చాలు. కాని నస్తాలీఖ్ వ్రాతలోని సొగసు ఫోనులో రాదని ఆ పిల్లలు చేతితో వ్రాసి ఛాయాచిత్రాలు తీశారు. ఒక్కొక్కటి 3, 4 మెగాబైట్లు!

హద్దే తీసివేయమన్నాను. 0 అని వ్రాస్తే తనిఖీయే ఉండదు గాని, ఎవరైనా గిగాబైట్లకొద్దీ కుమ్మరించి డిస్కును నింపితే ప్రవేశాలు, ఫలితాలు యావత్తూ నిలిచిపోతాయని అతడు ఒప్పుకోలేదు. సబబే. 12కు పెంచాడు.

అయినా వ్యాసం చేరలేదు. లోపల పీహెచ్‌పీకి మరొక గడప ఉన్నది: ఫైలుకు 2 మెగాబైట్లు, ఫారమంతటికీ 8. ఈసారి 413 కూడా లేదు. ఫైలు చేరినదో లేదో చూచుకోని మన పుట “ధన్యవాదాలు” అని చూపి ఊరుకుంది. త్రిప్పి పంపటం కంటె ఇది నాకు మరింత కష్టంగా తోచింది.

ఇప్పుడు ఫైలుకు 10, మొత్తానికి 12 అని రెండు భాషలలోనూ ఫారం పైననే వ్రాయించాము. ఆ అమ్మాయి వ్యాసం ఈ సంచికలో ఉన్నది. నా మాట మాత్రం నిరుటి మినిట్స్ పుస్తకంలో అలాగే ఉన్నది. సంఘం వారు దయచేసి దానిని కొట్టివేయించవలసినదిగా కోరుతున్నాను.