సైకిల్ బాటకి డైరెక్టర్ నీరు!

1983లో వచ్చిన ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’లో ఒక ఛేజింగు ఉంది. ఆకాశాన్నంటే చెట్ల మధ్యనుంచి గాల్లో తేలే బైకులు దూసుకుపోతుంటాయి. రెప్ప వేసి తెరిచేలోగా ఓ చెట్టు మీదికి వచ్చేస్తుంది. హాల్లో కూర్చున్నవాళ్ళు తలలు వంచేస్తారు! ఆ అడవి నిజమైనదే. ఉత్తర కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ అడవి. స్టెడీకామ్ కెమెరాని కనిపెట్టిన గారెట్ బ్రౌన్ స్వయంగా దాన్ని ఒంటికి తగిలించుకుని అందులో నడుచుకుంటూ వెళ్ళాడు. సెకనుకి ఒక్క ఫ్రేమైనా పూర్తిగా పడనంత నెమ్మదిగా తీశాడు. దాన్ని హాల్లో సెకనుకి 24 ఫ్రేముల లెక్కన వేస్తే... ఇంకేముంది, మెరుపు వేగం!

ఒకడు అడుగులో అడుగేసుకుంటూ నడిస్తేనే ఇంకొకడు దూసుకుపోగలడన్నమాట. సరిగ్గా ఇదే పని కొందరు శనివారం శనివారం పార పుచ్చుకుని చేస్తున్నారు. ఆ సినిమా తీసినచోటికి చాలా దక్షిణాన, శాంటా క్రూజ్ కొండల్లో. వాళ్ళలో ఒకడు మా పిన్ని కొడుకు.

వాడికి శాన్ హోసేలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారం పొడుగునా ఏసీ గది. శనివారం వస్తే కొండెక్కి మట్టి తవ్వుతాడు. దమ్మిడీ ఇవ్వరు. “ఇక్కడున్న రెండెకరాలూ కౌలుకిచ్చేసి, విమానమెక్కి పోయి అక్కడ పార పట్టాడట! ఎవరన్నా వింటే నవ్వుతారు. నువ్వైనా కనుక్కోరా నాయనా!” అని తెనాలిలో మా పిన్ని ఒకటే గోల. సరే, ఆ ఫిబ్రవరిలో అటువైపు వెళ్ళే పని పడింది. కనుక్కున్నాను.

ముందు కాస్త ఫ్లాష్‌బ్యాక్. కొండల మీద సైకిలు తొక్కే పిచ్చి పెరిగిందే ఈ కాలిఫోర్నియాలో. శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన ఫెయిర్‌ఫాక్స్ అని చిన్న ఊరుంది. అక్కడి కుర్రాళ్ళు 1930ల నాటి బండ సైకిళ్ళు కారుచౌకగా కొని, ఒక కొండ రోడ్డు మీదికి మోసుకెళ్ళి కిందికి వదిలేవారు. 1976 అక్టోబరు 21న మొదటి పందెం పెట్టారు. దూరం రెండు మైళ్ళ చిల్లర, దిగుడు సుమారు 1,300 అడుగులు! ఆ సైకిళ్ళకి బ్రేకు వెనకచక్రం ఇరుసులో ఉండేది. కిందికి చేరేసరికి అందులో గ్రీజు కాలి పొగైపోయేది. మళ్ళీ గ్రీజు కూరితేగాని ఇంకో రౌండుకి పనికిరాదు. అలా ‘మళ్ళీ కూరడం’ వల్ల ఆ రోడ్డుకి ‘రీప్యాక్’ అనే పేరే స్థిరపడిపోయింది. అక్కడ పందేలు తొక్కిన జో బ్రీజ్ 1977లో కొండలకోసమే ప్రత్యేకంగా ఫ్రేము కట్టాడు. గారీ ఫిషర్, చార్లీ కెల్లీ 1979లో ఏకంగా ‘మౌంటెన్‌బైక్స్’ అనే పేరుతో కంపెనీ పెట్టారు.

హీరో వచ్చాడంటే విలన్ రాకుండా ఉంటాడా? నడిచేవాళ్ళకీ, గుర్రాలవాళ్ళకీ, సైకిళ్ళవాళ్ళకీ తగవులు మొదలయ్యాయి. సైకిళ్ళు బాటలు పాడుచేస్తున్నాయన్నారు. పుట్టింట్లోనే ఎన్నో సన్నబాటల మీద సైకిళ్ళకి నిషేధం పడింది! 1988లో కాలిఫోర్నియా క్లబ్బులు కొన్ని కలిసి అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నది ఈ తగవుల మూలానే. తొక్కే హక్కు కావాలంటే బాట బాగుచేసే బాధ్యత కూడా మనమే తీసుకోవాలని అప్పుడే గ్రహించారు. మా తమ్ముడి పార వెనకున్న కథ ఇదీ.

శాన్ హోసే నుంచి కారులో గంట పోతే సోకెల్ డిమాన్‌స్ట్రేషన్ స్టేట్ ఫారెస్టు. సైకిలువాళ్ళు ముద్దుగా ‘డెమో’ అంటారు. సుమారు 2,700 ఎకరాలు. ఒకప్పుడు కలపకోసం నరికేస్తే మళ్ళీ మొలిచిన రెడ్‌వుడ్లు. మళ్ళీ మొలిచినవే అయినా, తలెత్తి చూస్తే మెడ పట్టేసింది! ఫిబ్రవరి గనక అడవంతా తడి. అడుగు వేస్తే దూది మీద వేసినట్టుంది. బాట పక్కన అరటిపండు రంగులో జానెడు జలగలాంటిది పాకుతోంది. దాన్ని ‘బనానా స్లగ్’ అంటారు. శాంటా క్రూజ్ యూనివర్సిటీ వాళ్ళు దాన్నే తమ చిహ్నంగా పెట్టుకున్నారు. 1994లో వచ్చిన ‘పల్ప్ ఫిక్షన్’లో జాన్ ట్రవోల్టా వేసుకున్న టీషర్టు గుర్తుందా? దానిమీద ఉన్నది ఈ ప్రాణే!

తొమ్మిదింటికల్లా పాతిక మంది దాకా పోగయ్యారు. పనిముట్లు పంచారు. ఒకవైపు గొడ్డలి, ఒకవైపు తోలిక పారలా ఉన్నదాని పేరు ‘పులాస్కీ’. పేరు వినగానే నాకు గోదావరి పులస గుర్తొచ్చిందనుకోండి. ఎడ్ పులాస్కీ అమెరికా అటవీశాఖ ఉద్యోగి. 1910లో ఐడహోలో కార్చిచ్చు చుట్టుముడితే, తన కింద పనిచేసే నలభై పైచిలుకు మందిని పాతగని సొరంగంలోకి తోలి, బయటికి పరుగెత్తబోయేవాళ్ళకి పిస్తోలు గురిపెట్టి ఆపాడు. అయిదుగురు పోయారు, మిగతావాళ్ళు బతికారు. ఈ పనిముట్టు వాడకంలోకి తెచ్చింది ఆయనే. ఇంకొకటి ‘మెక్లౌడ్’. ఒకవైపు దంతె, ఒకవైపు వెడల్పాటి పార.

ఆ రోజు పనికి పెద్ద అరవై దాటిన ఒక టీచరమ్మ. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. సీసాలో నీళ్ళు బాట మీద ఒంపి “చూడండి” అంది. నీళ్ళు పక్కకి పోలేదు. చక్రాలు చేసిన గాడిలో పడి, బాట వెంటే బుసబుసా పదడుగులు పరుగెత్తి, మట్టినీళ్ళై ఆగాయి. “ఒక్క సీసా ఇంత పని చేస్తే, చలికాలం వానంతా ఏం చేస్తుంది?” అంది, అంతే.

అక్కణ్ణుంచి నాకు కొత్త చదువు మొదలైంది. కొండ బాట వేసేవాడు ముందు ఆలోచించేది సైకిలు గురించి అనుకున్నాను. వీళ్ళు పొద్దస్తమానం మాట్లాడేది నీటి గురించే! కొండ పక్కవాలు నూటికి నలభై ఉందనుకోండి. దానికి అడ్డంగా వేసే బాట వాలు ఇరవై దాటకూడదు. ‘సగం సూత్రం’ అంటారు దీన్ని. దాటిందా, నీళ్ళకి బాట దాటి పోవడంకంటే బాట వెంట పోవడమే సుఖం. ఆమీదట అది బాట కాదు, కాలువ. సగటున అయితే నూరడుగులకి పదడుగుల దిగుడు మించనివ్వరు. బాట బయటి అంచు లోపలి అంచుకంటే రవంత కిందికి ఉండాలి. గజం వెడల్పుకి రెండంగుళాలు చాలు. వచ్చిన నీరు పలచని దుప్పటిలా అటునుంచి జారిపోవాలన్నమాట. చదును నేల మంచిదే కదా అనుకుంటాం. అక్కడ నీరు కదలదు, బురదవుతుంది, దాన్ని తప్పించుకోవాలని ప్రతివాడూ పక్కనుంచి తొక్కి బాటని వీధంత చేస్తాడు!

మరి సైకిలువాడి సరదా? అసలు ముచ్చట ఇక్కడే ఉంది. ఎంత వాలు తగ్గించినా దిగుతూ పోతే నీరు వేగం పుంజుకుంటుంది. అందుకని కొంతదూరం దిగాక చిన్న ఎక్కుడు పెడతారు. ఆ పల్లంలో నీరు వేగం చచ్చి పక్కకి పోతుంది. అదే పల్లంలోకి సైకిలు దిగి ఎక్కుడు మీదికి లేచినప్పుడు కడుపులో ఒక్క క్షణం జివ్వుమంటుంది. ఆ జివ్వుమనడం కోసమే కుర్రాళ్ళు ఇంతదూరం వస్తారు. ఒకే వంపు ఇద్దరికీ! మలుపు దగ్గర గోడలా ఎత్తుకట్టే మట్టికట్ట కూడా అంతే. ముందు నీటికి దారి చూపించి, తర్వాత కట్ట కడతారు. మలుపు ఠక్కున వస్తే తొక్కేవాడు బ్రేకు నొక్కుతాడు, చక్రం ఈడుస్తుంది, నేల అలలు అలలుగా లేస్తుంది. అందుకని బ్రేకు అవసరమే రాకుండా ముందునుంచే వేగాన్ని మచ్చిక చేసుకోవాలి. ఈ అడవిలోనే 2015 నాటికి పూర్తయిన ‘ఫ్లో ట్రెయిల్’ ఉంది. సుమారు నాలుగు మైళ్ళు. యంత్రాలు కొంత, వలంటీర్ల చేతులు చాలా. అది మొదలునుంచి చివరిదాకా ఈ లెక్కమీదే సాగుతుంది.

మధ్యాహ్నం తమ్ముడు ఫోనులో మా బాబాయికి వీడియో చూపించాడు. బాబాయి డెల్టా రైతు. ఆయన జన్మలో కొండ ఎక్కింది తిరపతి ఒక్కటే. కాసేపు చూసి, “నీళ్ళు పోయే దారిలోనే మనిషిని నడవమంటే అది బాట ఎట్టా అవుద్దిరా? గట్టు పక్కకి వాల్చండి” అన్నాడు. తమ్ముడు దాన్ని ఇంగ్లీషులో చెప్తే టీచరమ్మ పడీపడీ నవ్వి, “మీ నాన్నగారిని తీసుకురా, పెద్దరికం ఆయనకిచ్చేస్తాను” అంది. ఆ పూటతో పిన్ని గోల సగం చల్లారింది.

ఇంతకీ ఇంత పట్టుదల ఎందుకంటారా? బాట కొట్టుకుపోతే సైకిలువాడు ఇంకో బాట చూసుకోవచ్చు. కొట్టుకుపోయిన మట్టి మాత్రం ఏట్లోకి పోతుంది. ఈ అడవిలోంచి సోకెల్ ఏటి తూర్పుపాయ పారుతోంది. స్టీల్‌హెడ్ అనే చేప, మన పులసలాగే, సముద్రంనుంచి ఏటికి ఎదురీది వచ్చి గులకరాళ్ళ సందుల్లో గుడ్లు పెడుతుంది. పైనుంచి సన్నమట్టి వచ్చి ఆ సందులు పూడ్చేస్తే గుడ్లకి ఊపిరాడదు. ‘సైకిళ్ళవల్లే చేపలు చచ్చాయి’ అని ఒక్కమాట రుజువైతే గేటుకి తాళం పడడం ఎంతసేపు?

2022 డిసెంబరు చివరినుంచి మూడు వారాల్లో తొమ్మిది తుపాను వానలు ఒకదాని వెనక ఒకటి కాలిఫోర్నియాని కుమ్మాయి. ఇక్కడికి దగ్గర్లోనే కాపిటోలా ఊళ్ళో సముద్రంలోకి కట్టిన చెక్కవంతెన నడిమికి తెగిపోయింది. కొండల్లో చెట్లు కూలాయి, చరియలు విరిగాయి. ఆ వానల తర్వాత బాటలన్నీ తిరిగి చూస్తే, సూత్రం తప్పిన పాతబాటలు ఎక్కడున్నాయో ఎవరూ చెప్పక్కర్లేకపోయిందట.

ఆ రోజు చిన్న గొడవ కూడా జరిగింది. ఒకచోట బాట నిండా చెట్టువేళ్ళు పైకి లేచి ఉన్నాయి. దాన్ని మూసేసి పక్కనుంచి కొత్త బాట తియ్యాలని నిర్ణయం. ఇరవై ఏళ్ళ కుర్రాడొకడు పార కిందపడేశాడు. “ఈ వేళ్ళే ఈ బాటకి ప్రాణం! ఇది దిగడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు నున్నటి తారురోడ్డు చేస్తారా?” అని. టీచరమ్మ కోప్పడలేదు. వేళ్ళు మొదట్లో పైకి లేవు, పైనున్న మట్టి పోబట్టి బయటపడ్డాయి, ఇంకో రెండు చలికాలాలైతే చెట్టుకే మోసం వస్తుంది అని చూపించింది.

న్యాయం ఆమెదే. కానీ నా మనసు సగం కుర్రాడివైపే ఉంది. రీమేకులు చూసినవాళ్ళకి వాడి బాధ నేను వేరే చెప్పాలా? 1992లో హిందీ ‘జో జీతా వహీ సికందర్’ క్లైమాక్సు సైకిలు పందెం. 1999లో అదే కథ తెలుగులో ‘తమ్ముడు’గా వచ్చేసరికి సైకిలు పోయి కిక్‌బాక్సింగ్ వచ్చింది! మనకది బాగానే నచ్చిందనుకోండి, అది వేరే సంగతి. సైకిలు పిచ్చివాడిని అడిగి చూడండి, ఏమంటాడో! పాతదాన్ని బాగుచేసేటప్పుడు దేన్ని చూసి జనం దాన్ని ప్రేమించారో అదే తీసిపారేస్తే, బాగుచేసి లాభమేమిటి? కష్టమైన బాటలన్నిటినీ పిల్లలు తొక్కేలా నున్నగా చేస్తే, ముదిరినవాళ్ళు అడవిలోకి వెళ్ళి దొంగబాటలు తవ్వుకుంటారు. అప్పుడు నష్టం రెండింతలు.

చివరికి రాజీ కుదిరింది. కొత్త బాటలో ఒక ఏటవాలు ముక్క వదిలి, అక్కడ రాళ్ళని పళ్ళవరసలా నిలువుగా పాతాలని. నిలువుగా పాతితే పైకి కనిపించేది కొంచెమే, నేలలోకి దిగేది ఎక్కువ. వరద కదిలించలేదు, చక్రం ఊడబెరకలేదు. తొక్కేవాడికి మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోక తప్పదు. కుర్రాడి మొహం పూర్తిగా విచ్చుకోలేదు. కానీ సాయంత్రందాకా అందరికంటే పెద్ద రాళ్ళు మోసింది వాడే.

తవ్వడానికి ఈ తడికాలమే ఎందుకని అడిగాను. ఎండాకాలం ఈ మట్టి పొడిపిండి. ఎంత కొట్టినా గట్టిపడదు. తడిమీద మెక్లౌడ్ వీపుతో మొత్తితే ఇటుకలా కూర్చుంటుంది. వాన వెలిసిన వెంటనే తొక్కకూడదనేది కూడా అందుకే. అప్పుడు చక్రం గీసిన గీత మళ్ళీ వానకి కాలువ అవుతుంది.

నాలుగింటికి టీచరమ్మ మళ్ళీ సీసా తీసింది. అందరూ చుట్టూ చేరారు. నీళ్ళు రెండడుగులు కూడా పోలేదు. పక్కకి జారి, ఫెర్న్ ఆకుల్లోకి వెళ్ళిపోయాయి. చప్పట్లు! నేనూ కొట్టాను, సిగ్గెందుకు?

మర్నాడు తమ్ముడు నన్ను శాన్ వైసెంటే రెడ్‌వుడ్స్‌కి తీసుకెళ్ళాడు. అదే కొండల్లో పడమటివైపు. 2020 ఆగస్టులో పిడుగులు పడి అంటుకున్న మంటలు ఆ ప్రాంతంలో 86 వేల ఎకరాలు కాల్చేశాయి. ఇక్కడ బాటలు వెయ్యడానికి అంతా సిద్ధమవుతున్న సమయమది. అడవే కాలిపోయింది. వలంటీర్లు మళ్ళీ మొదటినుంచి వచ్చారు. విరిగిపడేలా ఉన్న చెట్లు తొలగించి, కాలిన నేల మీద నీరు ఎటు పోతోందో కొత్తగా చూసుకుని వేశారు. 2022 డిసెంబరులో మొదటి బాటలు తెరిచారు. వెళ్ళాలంటే ముందుగా ఉచిత పాసు తీసుకోవాలి.

బొగ్గులా నల్లబడ్డ మాన్ల మొదళ్ళనుంచి, ఒళ్ళంతా కూడా, పచ్చటి చిగుళ్ళు పొడుచుకొచ్చాయి. రెడ్‌వుడ్డు అంత తేలిగ్గా చావదు. బాట పక్క వాలులో, ఇంకా తవ్వని చోట, చిన్నచిన్న జెండాలు వరసగా గుచ్చి ఉన్నాయి. తమ్ముడు ఫోనులో వాలు కొలిచే యాప్ తెరిచి ఒక జెండా దగ్గర కూర్చున్నాడు. “పన్నెండు వస్తోందన్నయ్యా, కొంచెం ఎక్కువైంది” అని, కొత్త బాట గురించి ఎవరికో మెసేజి పెట్టడం మొదలెట్టాడు.