గిబియోనీయుల రొట్టెలు



సార్వా పంట ఇల్లు చేరి, క్రిస్మసు ఆరాధనలు ముగిసిన తరువాత నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్లిరావాలని ఇప్పుడు మన పల్లెల్లోని కుటుంబములు కూడ అనుకొంటున్నవి. మంచిదే. ఏడాదంతా పొలములో వంగిన నడుముకు విశ్రాంతి కావాలి. పిల్లలు కొండలను, లోయలను చూచి వాటిని కలుగజేసినవానిని స్తుతించాలి. విహారయాత్ర లోకసంబంధమైనదని కొందరు పెద్దలు అంటారు గాని మేము ఆ మాటతో ఏకీభవించము.

అయితే బస ఏర్పాటు దగ్గరే మోసగాళ్లు కాచుకొని ఉన్నారు. దొంగ వెబ్‌సైట్లు, ఫేస్‌బుక్ పేజీలు, గూగుల్ ప్రకటనలు, వాట్సాప్ ఖాతాలు పెట్టి గదులు, కార్లు, కేదార్‌నాథ్ హెలికాప్టర్ టిక్కెట్లు ఇప్పిస్తామని యాత్రికులను దోచుకొంటున్నారని కేంద్ర హోం శాఖవారి సైబర్ నేరాల విభాగము 2025 ఏప్రిల్‌లో దేశమంతటికీ హెచ్చరిక చేసింది.

మా సంఘములోని ఒక కుటుంబమునకు 2023 డిసెంబరులో ఇదే జరిగింది. వారు అడగబట్టే వ్రాస్తున్నాము. అరకులో కాఫీ తోట ఎదుట మూడు గదుల ఇల్లు, రోజుకు 2,500 రూపాయలని ఫేస్‌బుక్‌లో చూచారు. పండుగ రోజుల్లో అంత తక్కువకు ఎవరిస్తారు? మూడు రోజులకు 7,500. సగము, అనగా 3,750 ముందు పంపమన్నారు. పంపారు. మరునాడు డిపాజిట్ 5,000, ఖాళీ చేసేటప్పుడు తిరిగి ఇస్తామన్నారు. అదీ పంపారు. గంటలో మరల ఫోను: “కంప్యూటర్‌లో ఎక్కలేదండీ, ఇంకొకసారి 5,000 వేయండి, రెండూ కలిపి వెనక్కి వస్తాయి.” ఆ మూడవ సొమ్ము కూడ పోయిన తరువాత, డబ్బు తిరిగి తీసుకోవడానికని క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ నొక్కమన్నారు. అక్కడ పెద్దబ్బాయి ఆపాడు. అప్పటికి పోయినది 13,750. అది ఆ తల్లి పాలకేంద్రానికి పాలు పోసి కూడబెట్టిన డబ్బు.

యెహోషువ గ్రంథము 9వ అధ్యాయములో గిబియోనీయులు గిల్గాలుకు వచ్చిన సంగతి మీకు తెలుసు. బూజు పట్టిన రొట్టెలు, చినిగిన ద్రాక్షారసపు తిత్తులు, మాసికలు వేసిన చెప్పులు చూపి దూరదేశస్థులమన్నారు. ఇశ్రాయేలు పెద్దలు రొట్టెలను చూచి నమ్మారే గాని దేవునియొద్ద విచారణ చేయలేదు. మూడు దినముల తరువాత వారు పొరుగువారేనని తెలిసింది. అక్కడ సాక్ష్యమంతా వచ్చినవాడు తన సంచిలో తెచ్చుకొన్నదే. ఫేస్‌బుక్‌లోని ఫోటోలు, వాట్సాప్‌లో పంపిన ఆధార్ కార్డు, మెచ్చుకొంటూ వ్రాసిన మాటలు, ఇవన్నీ ఆ రొట్టెలే. మా యౌవనస్థులలో ఒకడు ఆ ఇంటి ఫోటోను గూగుల్ లెన్స్‌లో పెట్టి చూడగా, అదే ఇల్లు కూర్గులో వేరొక పేరుతో కనబడింది!

కాబట్టి సాక్ష్యము వేరొక చోటనుండి రావాలి. వీడియో కాల్ చేసి గేటు, వీధి, పక్క ఇల్లు చూపమనండి. దొంగవాడు నెట్‌వర్క్ లేదంటాడు. డబ్బు పంపే ముందు ఫోనులో కనబడే ఖాతాదారుని పేరు, యజమాని పేరు ఒకటేనా చూడండి. ఎయిర్‌బిఎన్‌బి వంటి యాప్‌లో ఇల్లు చూచినప్పుడు, తగ్గించి ఇస్తాము, బయట పంపమంటే ఒప్పుకోవద్దు. ఆ యాప్ మన సొమ్మును యజమానికి ఇచ్చేది సాధారణముగా మనము ఇంట్లో దిగిన ఒక రోజు తరువాతనే. బయట పంపితే ఆ రక్షణ ఉండదు. అరకులో రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థవారి హరిత వసతిగృహములు ఉన్నవి. వారి సొంత వెబ్‌సైట్‌లోనే తీసుకోండి. అన్నిటికంటె సులువైనది మరొకటి ఉంది. ఏ ఊరిలోనైనా మన సంఘములు ఉన్నవి. అక్కడి పాస్టరుగారికి ఒక ఫోను చేయిస్తే ఎవరైనా సైకిలు మీద వెళ్లి ఇల్లు ఉన్నదో లేదో చూచి చెప్పగలరు. డబ్బు మనకు రావడానికి పిన్ అవసరము లేదని ఇంట్లోని ముసలివారికి, చిన్నవారికి కూడ చెప్పి ఉంచండి.

మాకు ఎక్కువ బాధ కలిగించినది సొమ్ము కాదు. ఆ తల్లి నాలుగు రోజులు ఎవరితోను చెప్పలేదు. ఆదివారము ఆరాధన తరువాత వచ్చి, “అయ్యగారూ, చదువుకొన్న పిల్లలున్న ఇల్లు, నలుగురూ నవ్వుతారని నోరు విప్పలేదండీ” అని ఏడ్చింది. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయించాము. అప్పటికే ఆ ఖాతా ఖాళీ అయింది. మొదటి గంటల్లోనే తెలియజేస్తే, బ్యాంకు ఆ సొమ్మును కదలకుండా ఆపే అవకాశమున్నది. నాలుగు రోజులకు ఏమి మిగులుతుంది? ఆ సిగ్గును ఆమె మీద పెట్టినది మనమే. మోసపోయినవారిని చూచి “తెలివి లేదా” అనే మాట గుడి మెట్ల మీద కూడ వినబడుతున్నది. దొంగను అనవలసిన మాట దోపబడినవారిని అంటున్నాము.

ఆ నెల స్త్రీల కూడికలో ఆమె లేచి జరిగినదంతా తానే చెప్పింది. ఆమె కూర్చున్న తరువాత ఇంకా ఇద్దరు లేచారు.