సారుకి ఫోన్ చేయమన్నాడు

అత్తయ్యగారికి మోకాలి ఆపరేషన్ అయ్యాక, కార్తీకమాసంలో అన్నవరంలో వ్రతం చేయిస్తానని మొక్కుకున్నాను. మావారు దుబాయ్‌లో ఉంటారు. అందుకని రాజమండ్రి నుంచి కారు నేనే తీశాను. వ్రతం చక్కగా అయింది. గోధుమనూక ప్రసాదం పొట్లాలు ఒళ్లో పెట్టుకుని అత్తయ్య కూర్చున్నారు. రత్నగిరి దిగి హైవే ఎక్కేలోపు పసుపురంగు ఇంజిన్ లైటు వెలిగింది.

దారిలో ఒక మెకానిక్ స్కానర్ పెట్టి చూశాడు. "పి0135 అండి. ఆక్సిజన్ సెన్సార్ పోయింది. ఎనిమిది వేలవుతుంది. సారుకి ఫోన్ చేసివ్వండి, మాట్లాడతాను."

అత్తయ్య అద్దం దించారు. "బండి నడిపేది మా కోడలు బాబూ. ఆవిడకే చెప్పు."

నేను తమ్ముడికి ఫోన్ చేశాను. వాడిది ఆటోమొబైల్ డిప్లొమా. "అక్కా, ఆ కోడ్ సెన్సార్ పోయిందని చెప్పట్లేదు. దాని హీటర్ సర్క్యూట్‌లో తేడా ఉందంటోంది. సెన్సార్ 300 డిగ్రీలు దాటి వేడెక్కితేగానీ పనిచేయదు. తొందరగా వేడెక్కించడానికే లోపల హీటర్. అది లేకపోతే, పెనం కాలకుండా దోసె పోసినట్టే. అంతసేపూ ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది. లైటు ఆరుతూ వెలుగుతుంటే బండి ఆపెయ్యాలి. నిలకడగా ఉంది కదా, మెల్లగా ఇంటికెళ్లిపో."

మర్నాడు పొద్దున్న, ఇంజిన్ చల్లగా ఉండగానే, ఇన్వర్టర్ కోసం మావారు కొన్న మల్టీమీటర్ తీశాను. తమ్ముడు వీడియో కాల్‌లో ఉన్నాడు. కనెక్టర్ ఊడదీస్తే సెన్సార్ వైపు నాలుగు వైర్లు. మా కారులో రెండూ తెల్లగా ఉన్నవి హీటర్‌వి. వాటి మధ్య 6 ఓమ్‌లు చూపించింది. హీటర్ తెగిపోయి ఉంటే మీటరు అంకె చూపించదట. అంటే సెన్సార్‌లోని హీటర్ బాగానే ఉంది!

తాళం తిప్పి, కనెక్టర్ రెండోవైపు చూశాను. 12 వోల్టులు రావాల్సిన చోట సున్నా. ఫ్యూజు తీస్తే లోపల తీగ కాలిపోయి ఉంది.

"కొత్తది వేసేస్తానురా" అన్నాను.

"ఆగక్కా. ఫ్యూజు ఊరికే పోదు. వైరు వెంట చూసుకుంటూ పో."

చూస్తే ఒక క్లిప్పు విరిగి, వైరు సైలెన్సర్ గొట్టం మీదకి జారింది. పైతొడుగు కరిగి రాగి కనిపిస్తోంది. కొత్త సెన్సార్ వేయించినా ఆ లైటు మళ్లీ వెలిగేదే!

బ్యాటరీ వైరు తీసి, కరిగిన చోట కొత్త ముక్క అతికి, వేడికి తట్టుకునే తొడుగు వేసి, వైరుని గొట్టానికి దూరంగా కట్టాను. ఇక ఫ్యూజు కోసం షాపుకెళ్లాను.

"ఎన్ని ఆంప్స్ మేడమ్?"

"పదిహేను" అన్నాను. పాతదాని మీద చూసుకునే వెళ్లాను లెండి.

సారుకి ఆ రాత్రి ఫోన్ చేసి చెప్పాను. "ముందే అడగొచ్చుగా" అన్నారు. పక్కనుంచి అత్తయ్య అందుకున్నారు. "అడిగితే ఎనిమిది వేలు పంపేవాడివిరా."