లేపాక్షిలో తల పైకెత్తితే...

హిందూపురం నుంచి 15 కిలోమీటర్లు. దారికి రెండువైపులా ఎర్రటి చేలు, ఎండిన వంకలు, బండరాళ్ల గుట్టలు. లేపాక్షి చేరగానే అందరూ చేసే పనే మేమూ చేశాం. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి అవతలి నుంచి లాగాం! ఫొటోలు దిగాం. ఇంతలో మాతో వచ్చిన పిల్లాడు నేల మీద వెల్లకిలా పడుకుని, 'పైనంతా బొమ్మలే' అని అరిచాడు.

బయటి చేల ఎరుపే కప్పు మీదా కనిపించింది. ఆ ఎరుపులో అర్జునుడు, కిరాతుడి వేషంలో శివుడు, ఇద్దరికీ తగవు తెచ్చిన అడవిపంది. భారతంలోని ఈ కథను భారవి సంస్కృతంలో కావ్యం చేశాడు. తెలుగులో శ్రీనాథుడు 'హరవిలాసం'లో చెప్పాడు. దాన్ని అంకితం తీసుకున్నది రాజు కాదు, అవచి తిప్పయ్యశెట్టి అనే వర్తకుడు. ఈ గుడి కట్టించిందీ రాజు కాదు. అచ్యుతదేవరాయల కాలంలో, 1530ల్లో, పెనుకొండ కోశాధికారి విరూపణ్ణ, ఆయన తమ్ముడు వీరణ్ణ. కావ్యాలూ గుళ్లూ వర్తకుల, ఉద్యోగుల పేర్లు మోస్తున్న రోజులవి.

కథలు పాతవే. బట్టలు మాత్రం అప్పటివి! మగవాళ్ల తలల మీద విజయనగర కొలువులోని పొడుగాటి కుళ్లాయిలు. ద్రౌపది స్వయంవరంలో ఆడవాళ్ల చీరల మీద గళ్లు, చారలు, పూలు. ఇంచుమించు అదే కాలంలో, 1536-41 మధ్య, రోములో మైకెలాంజెలో 'తుది తీర్పు' వేస్తూ డాంటే కావ్యంలోని పడవవాణ్ని అందులోకి దించాడు.

మేం ఎక్కువసేపు ఆగింది మాత్రం మనునీతి చోళుడి బొమ్మ దగ్గర. తమిళ 'పెరియపురాణం'లోని కథ ఇది. రథం కింద లేగదూడ నలిగిపోతే ఆవు వచ్చి ధర్మగంట కొడుతుంది. రథం తోలింది కన్నకొడుకే అయినా రాజు శిక్ష తప్పించడు. చివరికి శివుడు కరుణిస్తాడనుకోండి!

విరూపణ్ణను అలా ఎవరూ ఆదుకోలేదు. ఖజానా సొమ్ము గుడికి పోశాడని రాయలకు ఫిర్యాదు వెళ్లిందట. శిక్ష కోసం ఆగకుండా తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడట. రెండు ఎర్రటి మచ్చలు చూపిస్తారు. చరిత్ర అంటే ఒప్పుకోలేం గానీ, ఆవు గంట కొట్టిన బొమ్మ చూసి వచ్చాక ఆ గోడ ముందు నవ్వు రాదు.

2022లో లేపాక్షి యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. అదే ఏడాది అనంతపురం నుంచి శ్రీసత్యసాయి జిల్లాలోకి మారింది. కప్పు మీద మాత్రం కొన్నిచోట్ల గార రాలి కథ సగంలోనే ఆగిపోతోంది.

తువ్వాలు ఎలాగూ తీసుకెళ్తారు. స్తంభం పని అయ్యాక దాన్నే పరుచుకుని కాసేపు పైకి చూడండి.